నవల ఆగింది 130వ పేజీలో కాదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ విషయం తెలుస్తుంది. మీకు 34 ఏళ్ళు. సొంతూరు కొల్లాపూర్ వైపు, ఉద్యోగం హైదరాబాద్‌లో. 14 కథలు అచ్చయ్యాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయిన తాతగారి ఊరి మీద నవల మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. తొమ్మిది అధ్యాయాలు, 130 పేజీలు అయ్యాక ఆగిపోయింది. పదో అధ్యాయంలో నష్టపరిహారం డబ్బు పంచుకునే రోజు రావాలి, అది రావడం లేదు. ఈలోగా మొదటి మూడు అధ్యాయాలు ఏడుసార్లు తిరగరాశారు. "నాకు క్రమశిక్షణ లేదా, టైమ్ లేదా, అసలు నవల రాసే శక్తే లేదా?" అని అడిగారు. పోటీకి పంపాలా, సొంతంగా వేసుకోవాలా అన్నది రెండో ప్రశ్న.

నా సంగతి రెండు ముక్కల్లో. వయసు 63. సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. నాలుగు నవలలు అచ్చయ్యాయి. మొదటిది 1996లో మొదలుపెడితే 2005లో పూర్తయింది. తర్వాతి మూడింటికీ కలిపి కూడా అంత కాలం పట్టలేదు. రెండుసార్లు నవలల పోటీలకు తొలి వడపోత చేశాను. అంటే న్యాయనిర్ణేతల చేతికి వెళ్ళేముందు వచ్చిన కట్టలన్నీ చదివే పని. అందువల్ల సగంలో ఊపిరి పోయిన నవలలు చాలానే చూశాను. వాటిలో ఒకటి నాదే.

క్రమశిక్షణ మాట మొదట తేల్చేద్దాం. అధ్యాయానికి 14 పేజీలు వస్తున్నాయన్నారు. 3 అధ్యాయాలు 7 సార్లంటే 294 పేజీలు. ఒక నవలకు కావలసినంత రాత మీరు ఇప్పటికే రాసేశారు. కాకపోతే అంతా ఒకేచోట రాశారు. ఇంత రాసినవాడికి క్రమశిక్షణ లేదంటే నేను నమ్మను.

టైమ్ లెక్క కూడా ఇంతే. 1/8 డెమ్మీ, అంటే మామూలు నవల సైజు అచ్చుపేజీలో సుమారు 250 మాటలు పడతాయి. 16 పేజీలు ఒక ఫారం. మీకు ఎనిమిది ఫారాలు అయ్యాయి. పదిహేను ఫారాల నవల, అంటే 240 పేజీలు, మీ కథకు సరిపోతుందనిపిస్తోంది. మిగిలింది 110 పేజీలు. రోజుకు ఒక్క పేజీ రాసినా నాలుగు నెలల లోపు పని. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో కూర్చుని ఫోన్‌లో కొట్టుకున్నా అవుతుంది. ఈ లెక్క మీకు తెలియక కాదు. తెలిసీ నాలుగేళ్ళు గడిచాయంటే అడ్డం వేరే ఎక్కడో ఉంది.

మీరు పంపిన నాలుగో అధ్యాయం, తొమ్మిదో అధ్యాయం రెండేసిసార్లు చదివాను. రెండూ బాగున్నాయి. చిక్కల్లా అవి అంత బాగా ముగియడమే.

మన దగ్గర నవలలోకి వచ్చేవాళ్ళు ఎక్కువమంది కథల మీదుగా వస్తారు. నేనూ అలాగే వచ్చాను. కథ మనకు నేర్పే విద్య ముగింపు. ఆదివారం అనుబంధంలో రెండు పేజీల్లో పట్టాలి, చివరి వాక్యం దగ్గర చదివేవాడు ఒక్క క్షణం పేజీ తిప్పకుండా ఉండిపోవాలి. ఏళ్ళ తరబడి అదే పని చేస్తే చెయ్యి దానికే అలవాటు పడుతుంది. ఆ చేత్తోనే నవల రాస్తే ప్రతి అధ్యాయమూ తనంతట తాను మూసుకుపోతుంది. మీ నాలుగో అధ్యాయంలో తాత ఇల్లు వదిలి వస్తూ నట్టింట్లో గుప్పెడు మట్టి తీసి తువాలు కొసకు ముడివేసుకుంటాడు. తొమ్మిదిలో అవ్వ కొత్త కాలనీలో పొయ్యి వెలిగించేముందు ఏటి దిక్కు ఏదో పక్కింటామెను అడుగుతుంది. రెండూ చక్కటి కథ ముగింపులు. చదివాక నా మనసు నిండింది. నిండిపోయింది కాబట్టే తర్వాతి పేజీ కావాలనిపించలేదు. చదివే నాకే అనిపించకపోతే రాసే మీకు ఎలా అనిపిస్తుంది? మర్నాడు పొద్దున మళ్ళీ చల్లారిన పొయ్యి ముందు కూర్చుంటారు.

మా పోస్టాఫీసు భాషలో చెప్పనా? మీ అధ్యాయాలన్నీ ఏ రోజు టపా ఆ రోజే పంచేసి ఖాళీ సంచి తగిలించి ఇంటికెళ్ళిపోతున్నాయి. నవలకు సంచిలో రెండు ఉత్తరాలు మిగిలిపోవాలి. ఒకటి ఇంటికి తాళం ఉండి తిరిగొచ్చింది కావాలి. ఇంకోటి చిరునామా సరిగ్గా లేనిది కావాలి.

ఆ మట్టి సంగతే తీసుకోండి. గుప్పెడు మట్టి ముడివేసుకున్న తాత ఆ తర్వాత దాన్ని ఏం చేస్తాడు? చేసేదేమీ లేదు. అది గుర్తు మాత్రమే. దానికి బరువు లేదు, ధర లేదు, అది ఎవరికీ అడ్డం రాదు. పైగా ఊరొదిలే ప్రతి కథలోనూ ఎవరో ఒకరు మట్టి తీసుకుంటూనే ఉంటారు. ముంపు ఊళ్ళ జనం నిజంగా ఏం తీసుకెళ్ళారో మీ పెద్దలు మీకు చెప్పే ఉంటారు. తలుపులు పీక్కెళ్ళారు. దూలాలు, వాసాలు, నాపరాళ్ళు బండ్లకెత్తారు. మీ తాత చేత కూడా ఇంటి దర్వాజ, అంటే ద్వారబంధం, పీకించండి. టేకుది, నలుగురు మోయాల్సినది. దాన్ని బండి మీద వేసుకుని వెళ్తాడు. వెళ్ళేది ఎక్కడికి? అద్దె కొట్టంలోకి. దర్వాజకు ఇల్లు లేదు. ఎండకూ వానకూ అది బయట ఆనించి ఉంటుంది. చెదలు పడతాయేమోనని అవ్వకు బెంగ. అమ్మేయమని కొడుకు పోరు. కొంటానని ఒక కాంట్రాక్టరు వస్తాడు. పిల్లలు దాంట్లోంచి దూరి ఇల్లాట ఆడతారు. చూశారా, నేను ఏమీ ఆలోచించకుండానే నాలుగు సన్నివేశాలు వచ్చేశాయి. మట్టి కథను మూసేసింది, దర్వాజ అధ్యాయం చివర బాకీ పెట్టింది.

ఇలా ప్రతి అధ్యాయమూ తర్వాతిదానికి ఏదో ఒకటి బాకీ పడాలి. డిటెక్టివ్ నవలల్లోలాగా కత్తి పట్టుకున్న చెయ్యి చూపించి ఆపమనడం లేదు. చిన్న బాకీ చాలు. చెప్పని మాట ఒకటి, తిరిగి ఇవ్వని చెంబు ఒకటి. ఒక పాత నోట్‌బుక్‌లో ఎడమవైపు ఏ అధ్యాయంలో ఏ బాకీ పడిందో, కుడివైపు అది ఎక్కడ తీరిందో రాసుకుంటూ పోండి. నా రెండో నవల నుంచీ ఇదే చేస్తున్నాను. మీ తొమ్మిది అధ్యాయాలకూ ఇప్పుడే ఆ పట్టిక వేసి చూడండి. ఎడమవైపు దాదాపు ఖాళీగా ఉంటుందని నా అనుమానం.

ఇది రాతకు సంబంధించిన అడ్డం. రెండోది రాతకు సంబంధించింది కాదు. దాని గురించి మీరు ఒకే వాక్యం రాశారు, అదీ ప్రశ్న చివర్లో: "మా పెద్దనాన్న బతికే ఉన్నారు, చదివితే ఏమనుకుంటారో." నాకు ప్రశ్న మొత్తంలో అసలైన వాక్యం అదే అనిపించింది.

మీరు 130వ పేజీ దగ్గర ఆగానంటున్నారు. కాదు. పరిహారం డబ్బు పంచుకునే రోజు దగ్గర ఆగారు. అప్పటిదాకా మీ నవలలో తప్పంతా నీళ్ళది, ప్రభుత్వానిది. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించిన తీరు, గోడలు కూలగొట్టిన తీరు, 885 అడుగుల మట్టం దాకా వచ్చిన నీళ్ళు, ఇవి రాస్తున్నంతసేపూ మీ కుటుంబమంతా ఒకవైపు ఉంది. డబ్బు చేతికొచ్చిన రోజున కుటుంబం రెండవుతుంది. ఎవరి పేరు మీద ఎంత వచ్చింది, ఎవరు ఎవరికి ఇవ్వలేదు, ఆడపిల్లల వాటా ఏమైంది. ఆ తర్వాత జీవో 98 కింద ఇంటికొక ఉద్యోగం అన్నప్పుడు ఏ కొడుకు పేరు రాయించారు. మీ నవల అసలు మొదలయ్యేది అక్కడే. మొదటి 130 పేజీలూ ఆ పంపకం రోజుకు దారి. దారి చివర పెద్దనాన్న నిలబడి ఉన్నాడు కాబట్టి మీరు వెనక్కి తిరిగి మొదటి మూడు అధ్యాయాలకు నగిషీలు చెక్కుకుంటున్నారు. అక్కడ ఎవరికీ కోపం రాదు కదా.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే నేను చేసిందీ అదే. నా మొదటి నవలలో ఒక సంతకం ఉంది. మా నాన్న తన బావమరిది చీటీకి జామీను పెట్టిన సంతకం. దాంతో ఇల్లు పోయింది. ఆ సన్నివేశం దాకా వచ్చి మూడేళ్ళు ఆగాను. అడిగినవాళ్ళకు ట్రాన్స్‌ఫర్లని చెప్పాను, పిల్లల చదువులని చెప్పాను, తనిఖీలని చెప్పాను. అన్నీ నిజాలే. అసలు సంగతి, అమ్మ బతికి ఉంది, ఆ బావమరిది అమ్మకు తమ్ముడు. చివరికి ఒక వానాకాలం రాత్రి కరెంటు లేనప్పుడు, నవల కాగితాల మీద కాకుండా ఆఫీసు పాత ఫారాల వెనక, అందరి అసలు పేర్లతో, జరిగింది జరిగినట్టు రాసేశాను. ఎవరికీ చూపించను అనుకుని రాశాను. ఆరు ఫారాలు నిండాయి. చదివితే నేను అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. మా మామ దుర్మార్గుడిగా కనబడలేదు, భయపడ్డ మనిషిగా కనబడ్డాడు. అక్కడి నుంచి నవల కదిలింది.

మీరూ ఆ అధ్యాయాన్ని విడిగా రాయండి. నవల ఫైలులో కాదు, వేరే పుస్తకంలో, చేత్తో. అసలు పేర్లు పెట్టండి. దాన్ని ఒక నెల పక్కన పెట్టాక మార్పులు చేయొచ్చు. పేరు మార్చినంత మాత్రాన ఏమీ మారదు, ఊళ్ళో అందరూ గుర్తుపడతారు. స్థానం మార్చండి. పెద్దకొడుకు చేసిన పని మేనల్లుడి చేత చేయించండి, లేదా డబ్బు తీసుకున్నవాడికి తీసుకోక తప్పని కారణం ఒకటి ఇవ్వండి. ఆ కారణం వెతకబోతేనే మీకు పెద్దనాన్న కొత్తగా అర్థం కావచ్చు. ఇంకో విషయం, దీన్ని సరదాగా చెప్తున్నాను: నా నవల వచ్చాక మామ చదివి "బాగా రాసినావు, ఎవుర్రా వాడు?" అన్నాడు. దానితో ఏ సంబంధమూ లేని మా చిన్నాన్న కొడుకు మాత్రం తన గురించే రాశానని రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఎవరు నొచ్చుకుంటారో ముందుగా లెక్కగట్టడం మన వల్ల అయ్యే పని కాదు.

సమాచార సేకరణ గురించి కాస్త కఠినంగా మాట్లాడతాను. భూసేకరణ అవార్డు కాపీల కోసం, అంటే ఎవరి భూమికి ఎంత పరిహారమో తేల్చిన ఉత్తర్వుల కోసం, ఆఫీసుల చుట్టూ ఏడాదిన్నర తిరిగానన్నారు. మంచిదే. అయితే మీ ఊళ్ళోకి నీళ్ళు ఏ తారీఖున వచ్చాయో తేలక తొమ్మిదో అధ్యాయం రెండు నెలలు ఆపానన్నారు చూడండి, అది సేకరణ కాదు, తప్పించుకోవడం. తారీఖు తెలియకపోతే అక్కడ ఒక పెద్ద ఇంటూ గుర్తు పెట్టి ముందుకు పొండి. పాఠకుడికి తారీఖు కంటే ముందు కావలసినవి వేరే ఉన్నాయి. కోళ్ళను ఏం చేశారు? కుక్కలు బండ్ల వెంట వచ్చాయా, వెనక్కి పోయాయా? ఏటికి అవతల కర్నూలు వైపు ఇచ్చిన ఆడపిల్లను చూడటానికి అంతకుముందు పుట్టి పడవలో ఏరు దాటి పోయేవాళ్ళు, ఆ తర్వాత ఎలా పోయారు? కరువు ఏడాది నీళ్ళు దిగి పాత గోడలు బయటపడితే చూడటానికి ఎవరు వెళ్ళారు, ఎవరు రానన్నారు? సంగమేశ్వరంలో గుడి వేసవిలో బయటపడ్డప్పుడు పూజలు చేసి, నీళ్ళు పైకొస్తుంటే మళ్ళీ వదిలి వస్తారు కదా. ఏటా ఊరొదిలినట్టే ఉంటుంది అది. ఇవి ఏ రికార్డులోనూ ఉండవు. మీ మేనత్త నోట్లో ఉన్నాయి. ఆవిడకిప్పుడు అరవై దాటి ఉంటాయి. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళండి, కలెక్టరాఫీసు ఎక్కడికీ పోదు.

భాష గురించి: మూడోసారి తిరగరాసినప్పుడు కథనమంతా పాలమూరు మాటలోకి మార్చి, ఐదోసారి మళ్ళీ పుస్తకాల భాషలోకి తెచ్చానన్నారు. రెండింటిలో ఏదైనా నడుస్తుంది. నడవనిది మారుస్తూ ఉండటం. నా సలహా అడిగితే, మీ తాత, అవ్వ మాట్లాడేది పూర్తిగా వాళ్ళ మాటలోనే ఉంచండి, "పోయిండు, వచ్చిండు, యాడుంటివి" అన్నీ. కథనం మీరు ఇంట్లో మీ తమ్ముడికి చెప్పే తెలుగులో రాయండి. ఏటికి అటూ ఇటూ చుట్టరికాలున్న కథ మీది. అవతలి ఒడ్డు మనిషి "పోయినాడు" అంటాడు, ఇవతలి మనిషి "పోయిండు" అంటాడు. ఆ తేడా వినబడాలంటే చుట్టూ ఉన్న కథనం కాస్త నిదానంగా ఉండటమే మేలు. ఏదో ఒకటి తేల్చుకుని నవల పూర్తయ్యేదాకా మళ్ళీ ఆ జోలికి పోకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేననుకునే మాట. మన నవల పుట్టిందే సీరియల్‌గా. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో భాగాలుగా వచ్చాకే 1880లో పుస్తకమైంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వారపత్రికలు మన నవలలు రాయించాయి. రాయించాయి అని కావాలనే అంటున్నాను. బుధవారంలోగా భాగం అందకపోతే ఎడిటర్ నుంచి టెలిగ్రాం వచ్చేది. ఆ టెలిగ్రాములు పంచినవాణ్ణి, నాకు తెలుసు. వారం వారం ఎవరో ఎదురుచూస్తుంటే మనిషి ఎలాగోలా రాస్తాడు. వేయిపడగలు సంగతి మీరు వినే ఉంటారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) నవలల పోటీ గడువు ముందు విశ్వనాథ సత్యనారాయణ గారు చెబుతూ పోతుంటే తమ్ముడు రాస్తూ పోయారనీ, 29 రోజుల్లో అయిపోయిందనీ చెప్పుకుంటారు. అందరూ ఆ 29 రోజులనే చూసి నోరెళ్ళబెడతారు. నాకు మాత్రం ఎదురుగా కలం పట్టుకుని తర్వాతి వాక్యం కోసం కూర్చున్న ఆ తమ్ముడే కనబడతాడు.

మీకు అలా ఎదురుచూసేవాళ్ళు లేరు. సీరియళ్ళకు చోటు బాగా తగ్గిపోయింది. నెలకో పూర్తి నవల వేసిన చతుర కూడా 1978 నుంచి నడిచి 2021లో ఆగిపోయింది. మొదటి నవల రాసే మనిషి ఇవాళ ఒక చీకటి గదిలో ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు. కాబట్టి ఎదురుచూసే మనిషిని మీరే వెతుక్కోవాలి.

నాకు దొరికింది ఒక డీటీపీ అమ్మాయి. 2004లో మా ఊరి బస్టాండు పక్కన జిరాక్సు షాపులో పనిచేసేది. నా దస్తూరీ నాకే అర్థం కాదు, అందుకని అయినంతవరకు టైపు చేయిద్దామని నాలుగు అధ్యాయాలు ఇచ్చాను. పేజీకి ఎనిమిది రూపాయలు. వారం తర్వాత ప్రింట్లు తీసుకుని డబ్బులిస్తుంటే, "సార్, ఆ పిల్ల పుట్టింటికి పోయిందా, లేదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల పుట్టింటికి పోతుందో లేదో నాకూ తెలియదు. "వచ్చే శనివారం తెస్తానమ్మా" అన్నాను. అది అనుకోకుండా వచ్చిన మాట. ఆ శనివారానికి నిజంగానే ఇంకో అధ్యాయం రాశాను. తర్వాత ప్రతి శనివారం. పదకొండు శనివారాల్లో నవల అయిపోయింది. అంతకుముందు ఎనిమిదేళ్ళు కానిది. ఆ అమ్మాయి ఎప్పుడూ బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. తర్వాత ఏమైందనే అడిగేది. ఒక్కసారి మాత్రం, "ఈ వారం ఏం జరగలేదు సార్" అంది. అది అక్షరాలా నిజం. ఆ అధ్యాయం మొత్తం తీసేశాను.

మీరు అలాంటి ఒక్క మనిషిని చూసుకోండి. రచయిత కాకూడదు. రచయితలు వాక్యాలు చూస్తారు, శిల్పం అంటారు, మీరు మళ్ళీ మొదటి అధ్యాయానికి పోతారు. వాట్సాప్ గ్రూపు అసలే వద్దు. పది చేతులు మొక్కే బొమ్మలు వస్తాయి, ఒక్కరూ చదవరు. పంపకం రోజు రాసేదాకా కుటుంబంలోవాళ్ళు కూడా వద్దు. టీవీ సీరియల్ ఒక్క రోజు తప్పితే పక్కింటికి వెళ్ళి కథ అడిగే మనిషి ఎవరో ఒకరు మీ ఆఫీసులో ఉంటారు, ఆ మనిషి కావాలి. వారానికో అధ్యాయం ఇస్తానని మాటివ్వండి. అభిప్రాయం అడక్కండి. ఇంకోటి, టీ కొట్టు దగ్గర నవల కథ చెప్పకండి. ఒకసారి నోటితో చెప్పేస్తే మనసులోని ఆత్రం సగం తీరిపోతుంది, కాగితానికి మిగలదు. నా స్నేహితుడొకడు ఇరవై ఏళ్ళుగా ఒక అద్భుతమైన నవల చెబుతున్నాడు. నాకిప్పుడు కంఠతా వచ్చేసింది.

మొదటి మూడు అధ్యాయాలను ప్రింటు తీసి, కవర్లో పెట్టి, అంటించి, ఇంట్లో ఎవరికైనా ఇచ్చి దాచమనండి. ఫోన్‌లోంచీ ల్యాప్‌టాప్‌లోంచీ వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసేయండి. చివరి అధ్యాయం అయ్యేదాకా విప్పొద్దు. అప్పుడు విప్పితే వాటిలో సగం ఎలాగూ కొట్టేస్తారు. దర్వాజ నాలుగో అధ్యాయంలో వస్తే, మొదటి అధ్యాయంలో దాన్ని ఎవరో చెక్కుతూ ఉండాలి కదా. అది ఇప్పుడు ఏడుసార్లు తిరగరాసినా తెలిసేది కాదు.

టైపింగ్ కష్టంగా ఉందన్నారు. సంభాషణలైతే ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పేయండి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. మాండలికం దానికి సరిగ్గా అర్థం కాదు, "యాడుంటివి"ని ఏదేదో చేస్తుంది, నవ్వుకుని దిద్దుకోండి. అంతా యూనికోడ్‌లోనే ఉంచండి. అచ్చుకు వెళ్ళేటప్పుడు డీటీపీ వాళ్ళు 'అను' అనే పాతరకం ఫాంట్లలోకి మారిస్తే కొన్ని వత్తులూ సంయుక్తాక్షరాలూ చెదిరిపోయే ప్రమాదం ఉంది, ప్రూఫులు తప్పకుండా మీరే చూసుకోవాలి. నా రెండో నవలలో "అత్తగారు" ఒకచోట "అతగారు" అయి కూర్చుంది.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. అది ఇప్పటి ప్రశ్న కాదు, అయినా అడిగారు కాబట్టి. అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా లాంటి సంస్థలు పెట్టే నవలల పోటీల మీద మనసుంటే అధ్యాయాలను యాప్‌లలోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టకండి. ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం అడగడం మామూలు, ఆన్‌లైన్‌లో పెట్టినా ప్రచురితం కిందే లెక్కేయవచ్చు. సొంతంగా వేసుకోదలిస్తే పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకునే రోజులు పోయాయి, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో వంద వేసుకుని చూడొచ్చు. పుస్తకాల షాపుల కమీషన్ 30, 40 శాతం దాకా పోతుందని లెక్కలో పెట్టుకోండి. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు చూసుకుని పుస్తకం తేవడం చాలామంది చేసే పని. అయితే ఆ తేదీ కోసం చివరి అధ్యాయాలు పరుగెత్తించకండి. నేను వడపోతలో చూసిన కట్టల్లో ఎక్కువగా కనిపించిన రోగం అదే. 180 పేజీలు నడిచి, చివరి 20 పేజీల్లో ముగ్గురు చచ్చిపోతారు, ఒకడు అమెరికా వెళ్ళిపోతాడు.

ముగింపు తెలియకుండా రాయొచ్చా అని కూడా అడిగారు. రాయొచ్చు. నాకు నాలుగింటిలో మూడింటికి తెలియదు. తెలిసిన ఆ ఒక్కదాన్నే అన్నిటికంటే తక్కువమంది చదివారు.

పదో అధ్యాయం చేత్తో రాశాక, దాన్ని కాదు, పదకొండోది నాకు పంపండి. పది మీ దగ్గరే ఉండనీయండి. ఒక్కటి మాత్రం ఇప్పుడే అడుగుతాను, ఇందాకటి నుంచీ మనసులో తిరుగుతోంది. ఆ దర్వాజ చివరికి ఏ ఇంటికి పెట్టారు?